రోజువారీ మాటల్లో పట్టువిడుపులు: తరచుగా అడిగే ప్రశ్నలు

యాజమాన్యానికీ ఉద్యోగులకూ మధ్య జరిగే చర్చల్లో యాజమాన్యం వైపు చాలా ఏళ్లు కూర్చున్నాను. అక్కడ నేర్చుకున్నది ఇంట్లో, ఇరుగుపొరుగుతో, ఆఫీసులో ఎలా పనికొస్తుందో అడిగినవారికి చెబుతుంటాను. ఎవరికి చెప్పినా అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అందుకే వాటిని అడిగినవారి మాటల్లోనే ఇక్కడ ఒకచోట చేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తి, కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

పేరు గురించి ఒక మాట. ఈ పనికి తెలుగులో బేరం, రాయబారం, సంప్రదింపులు, రాజీ అని చాలా మాటలున్నాయి. నాకు నచ్చింది ‘పట్టువిడుపు’. పట్టుకోవడమూ వదలడమూ రెండూ ఒకే మాటలో ఉన్నాయి.

## మొదలుపెట్టక ముందు

ఇంట్లోవాళ్లతో కూడా బేరాలాడాలా? ప్రేమ ఉన్నచోట ఇదంతా ఎందుకు?

బేరం అనగానే ముక్కూముఖం తెలియని ఇద్దరు ఒక వస్తువు ధర దగ్గర గుంజుకోవడం గుర్తొస్తుంది. ఇంట్లో మీరు అంతకన్నా పెద్ద బేరాలే చేస్తున్నారు, వాటికి ఆ పేరు పెట్టలేదంతే. సెలవుల్లో ఎవరి తరఫు చుట్టాల ఇంటికి వెళ్లాలి, టీవీ ఎన్నింటికి కట్టేయాలి, పెద్దవాళ్లను ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్లాలి అనేవన్నీ బేరాలే. ఇద్దరి కోరికలు వేరై, ఒకరి ఒప్పుకోలు లేకుండా మరొకరి పని జరగని ప్రతిచోటా సంప్రదింపు ఉంటుంది. ప్రేమ ఉంది కాబట్టి ఇది అక్కర్లేదనుకునేవారు, అడగకుండానే ఎదుటివారికి తెలియాలని ఎదురుచూస్తారు. తెలియకపోతే అలుగుతారు. అలక కూడా ఒక రకం బేరమే. కాకపోతే అందులో అడుగుతున్నదేమిటో ఎదుటివారే ఊహించుకోవాలి!

నాకు గట్టిగా మాట్లాడటం రాదు. నాలాంటివారికి ఇది సాధ్యమేనా?

సాధ్యమే. నేను ఎదుర్కొన్నవారిలో అందరికన్నా గట్టి మనిషి ఒక ఉద్యోగుల ప్రతినిధి. సమావేశం మొత్తం మీద నాలుగైదు ప్రశ్నలు అడిగేవారు, జవాబులు చిన్న పుస్తకంలో రాసుకునేవారు. మూడో సమావేశం వచ్చేసరికి మా వైపు ఇబ్బందులేమిటో మాకన్నా ఆయనకే బాగా తెలిసిపోయాయి. మేము కాదనలేని ప్రతిపాదనతో వచ్చారు. ఆయన గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. మాటకారితనం ఉంటే మంచిదే. అయితే మాటకారులు తమ మాటలు తామే వింటూ ఎదుటివారు చెప్పింది జారవిడుచుకోవడం నేను చాలాసార్లు చూశాను.

ఇది ఎదుటివారిని మాటలతో పడగొట్టే విద్య కాదా?

అలా వాడేవారు ఉన్నారు. నేను పెట్టుకున్న పరీక్ష చెబుతాను. మీరు వాడుతున్న పద్ధతి ఏమిటో ఎదుటివారికి ముందే తెలిసినా అది పనిచేస్తుందా? ‘నీ ఇబ్బంది ఏమిటో సరిగ్గా తెలుసుకుందామని అడుగుతున్నాను’ అని బయటికి చెప్పి అడిగినా ఆ ప్రశ్న పనిచేస్తుంది. లేని గడువును సృష్టించడం, లేని కోపాన్ని నటించడం, అక్కర్లేనిదాన్ని అడిగి తర్వాత త్యాగం చేసినట్టు వదలడం మాత్రం బయటపడిన క్షణమే చతికిలబడతాయి. మళ్లీ ముఖం చూడనక్కర్లేని మనుషుల దగ్గర వాటితో కొంత గడుస్తుందేమో. రేపు పొద్దున మళ్లీ కలవాల్సిన మనిషి దగ్గర గడవదు.

గెలవాలా, సర్దుకుపోవాలా? ప్రతిసారీ ఈ రెండు దారులే కనిపిస్తున్నాయి.

మూడోది ఒకటుంది. కార్మిక చర్చలను పరిశీలించిన రిచర్డ్ వాల్టన్, రాబర్ట్ మెకెర్సీ అనే ఇద్దరు పండితులు 1965లో ఒక తేడా చూపించారు. ఉన్నదాన్ని పంచుకునే బేరం వేరు, ఇద్దరికీ పనికొచ్చేలా సమస్యను కలిసి విప్పుకునే బేరం వేరు. మనం ఇంటి విషయాలన్నింటినీ మొదటి రకంగానే చూస్తాం. అందుకే ‘సరే, చెరి సగం’ అనేస్తాం. చెరి సగం న్యాయంగా కనిపిస్తుంది గానీ చాలాసార్లు అది ఆలోచించడానికి బద్ధకించి చేసిన రాజీ.

తల్లిని చూసుకోవడానికి అన్నదమ్ములు నెలలో పదిహేనేసి రోజులు పంచుకున్నారనుకోండి. అన్నకు ఆసుపత్రి అంటే భయం, ఆర్థిక వ్యవహారాల్లో మాత్రం మంచి నేర్పు. తమ్ముడికి బ్యాంకు కాగితాలు చూస్తే తలనొప్పి, తల్లిని వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లడానికి మాత్రం ఎప్పుడూ సిద్ధం. రోజులు పంచుకుంటే ఇద్దరూ చెరి పదిహేను రోజులు చేతకాని పని చేస్తారు. పనులు పంచుకుంటే ఇద్దరి బరువూ తగ్గుతుంది, తల్లికీ సుఖం. దీన్ని గెలుపనీ అనలేం, సర్దుకుపోవడమనీ అనలేం.

## మాట్లాడబోయే ముందు

నాకు ఏం కావాలో నాకు తెలుసు. ఇంకా సిద్ధం కావడానికి ఏముంది?

తెలుసనుకునే చోటే పొరపాటు జరుగుతుంది. సంస్థల నిర్వహణ మీద, మనుషుల మధ్య వచ్చే విభేదాల మీద 1920లలో ఎంతో ఆలోచించిన మేరీ పార్కర్ ఫాలెట్ అనే అమెరికన్ విదుషి తన అనుభవం ఒకటి చెప్పారు. గ్రంథాలయంలో ఒక చిన్న గదిలో ఆమె, మరొకరు కూర్చుని ఉన్నారు. ఆయన కిటికీ తెరవాలన్నారు, ఈమె మూయాలన్నారు. చివరికి ఎవరూ లేని పక్క గదిలో కిటికీ తెరిచారు. ఆయనకు కావలసింది ఆ కిటికీ తెరవడం కాదు, కాస్త గాలి. ఈమెకు కావలసింది కిటికీ మూయడం కాదు, ఉత్తరపు గాలి నేరుగా ఒంటికి తగలకపోవడం. ఇద్దరూ తమకు కావలసింది పూర్తిగా పొందారు, ఎవరూ ఏమీ వదులుకోలేదు.

‘కిటికీ తెరవాలి’ అనేది కోరిక. ‘గాలి కావాలి’ అనేది ఆ కోరిక వెనక ఉన్న అవసరం. కోరికకు దారి ఒక్కటే ఉంటుంది, అవసరానికి నాలుగైదు ఉంటాయి. మాట్లాడబోయే ముందు ఒక కాగితం మీద మీ కోరిక రాసి, ‘ఇది దొరికితే నాకు ఏం ఒనగూరుతుంది?’ అని కింద రాయండి. వచ్చిన జవాబుకు మళ్లీ అదే ప్రశ్న వేయండి. రెండు మూడు వరసల్లో అసలు విషయం బయటపడుతుంది. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేయనివ్వాలని అడగడానికి వచ్చిన ఒకావిడ ఇలా రాసుకుంటూ పోతే, ఆమెకు నిజంగా కావలసింది సాయంత్రం అయిదింటికి బిడ్డ దగ్గర ఉండటమని తేలింది. ఆ పని ఆఫీసు వేళలు గంట ముందుకు జరిపినా అవుతుంది. తర్వాత అదే కాగితం రెండో వైపు ఎదుటివారి పేరు రాసి వాళ్ల తరఫున కూడా రాయండి. సగం ఊహే అయినా ఫరవాలేదు. ఏయే ప్రశ్నలు అడగాలో అప్పుడు తెలుస్తుంది.

వాళ్లు కాదంటే నాకు వేరే దారి లేదు. అలాంటప్పుడు ఏ ధైర్యంతో అడగాలి?

ముందు ఆ వేరే దారి సంగతి చూసుకుని తర్వాత అడగండి. హార్వర్డ్‌లో 1979లో మొదలైన సంప్రదింపుల అధ్యయన కేంద్రంలో పనిచేసిన రోజర్ ఫిషర్, విలియం యూరీ ఈ విషయానికి 1981లో ఒక పేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చారు. తెలుగులో చెప్పుకోవాలంటే ‘ఒప్పందం కుదరకపోతే మన చేతిలో మిగిలే మేలైన దారి’. రాయబారానికి బయలుదేరేనాటికే కృష్ణుడికి రెండూ తెలుసు. కనీసం అయిదూళ్లు అడగాలి, అవీ ఇవ్వకపోతే యుద్ధమే. ఏది దొరికితే ఒప్పుకోవాలో, ఏది దొరకకపోతే లేచి రావాలో తెలిసిన మనిషి గొంతులో వణుకు ఉండదు.

ఇల్లు అద్దె పెంచుతామంటే, మాట్లాడే ముందే మరో రెండు ఇళ్లు చూసి రండి. మారకపోయినా సరే. జీతం పెంచమని అడిగే ముందు బయట మీ పనికి గిరాకీ ఎలా ఉందో తెలుసుకోండి. ఎదుటివారి వేరే దారి ఏమిటో కూడా లెక్కవేయండి. మీరు ఖాళీ చేస్తే ఆ ఇల్లు ఎన్ని నెలలు తాళం వేసి ఉంటుందో యజమానికీ ఆలోచన ఉంటుంది.

ఇంట్లోవాళ్ల దగ్గర మాత్రం ఒక జాగ్రత్త. ఈ వేరే దారి మీ మనసులో ఉండాలి, నాలుక మీద కాదు. ‘అయితే నా దారి నేను చూసుకుంటాను’ అన్న మాట ఒక్కసారి బయటపడితే, మొదలుపెట్టిన విషయం పక్కకు పోయి అదే తగవవుతుంది.

ఎప్పుడు అడిగినా ‘ఇప్పుడా?’ అంటారు. ఎప్పుడు మాట్లాడాలి?

వాళ్లనే అడగండి. ‘సెలవు రోజుల గురించి పావుగంట మాట్లాడాలి, ఈ రాత్రా రేపు పొద్దునా?’ అంటే చాలు. విషయం, వ్యవధి, రెండు వేళలు చెప్పినప్పుడు తప్పించుకోవడం కష్టం, సిద్ధపడటం తేలిక. ఆకలి మీద, నిద్ర మీద ఉన్న మనిషితోనూ, గుమ్మం దాటబోతున్న మనిషితోనూ ఏ మంచి మాటా చెల్లదు.

అంకె ఎవరు ముందు చెప్పాలి? ముందు చెబితే నష్టపోతామంటారు కదా?

ప్రతిసారీ అలా కాదు. ముందు చెప్పిన అంకె లంగరులా పనిచేస్తుంది, తర్వాతి మాటలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. ఏమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ 1974లో ప్రకటించిన ప్రయోగంలో ఒక చక్రాన్ని తిప్పేవారు. అది 10 దగ్గరో 65 దగ్గరో ఆగేలా ముందే అమర్చారు. తర్వాత ఐక్యరాజ్య సమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతమో చెప్పమన్నారు. 10 చూసినవారి అంచనాల్లో మధ్యస్థం 25, 65 చూసినవారిది 45. చక్రానికీ జవాబుకూ సంబంధం లేదని తెలిసినా అలా జరిగింది.

కాబట్టి విషయం మీద మీకు పట్టు ఉంటే, కారణం చూపగల అంకెను మీరే ముందు చెప్పండి. విలువ ఏమాత్రం తెలియకపోతే ముందు వాళ్లను చెప్పనివ్వండి. వాళ్లు మరీ అసంబద్ధమైన అంకె చెబితే, దాన్ని పట్టుకుని వాదించకండి. వాదించిన కొద్దీ అది ఇంకా బలపడుతుంది. ‘ఆ లెక్క ఎలా వచ్చింది?’ అని అడిగి, మీ లెక్కను మీ ఆధారాలతో విడిగా మొదలుపెట్టండి.

ముఖాముఖి ఇబ్బందిగా ఉంది. ఫోనులో మెసేజ్ పెట్టేస్తే సరిపోదా?

తేదీలు, వేళలు, ఒప్పుకున్న విషయాల జాబితా పంపడానికి బాగుంటుంది. మనసు నొచ్చే అవకాశం ఉన్న మాటకు పనికిరాదు. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ తదితరులు 2005లో ప్రచురించిన పరిశోధనలో, కొందరు వ్యంగ్యంగానో నిజంగానో ఉండే వాక్యాలను గొంతుతో చెప్పారు, ఈమెయిల్‌లోనూ పంపారు. గొంతు విన్నవారు చాలావరకు తేడా పట్టుకున్నారు. ఈమెయిల్ చదివినవారు బొమ్మా బొరుసా వేసుకున్నదానికన్నా పెద్దగా మెరుగ్గా లేరు. పంపినవారికి మాత్రం తమ ఉద్దేశం స్పష్టంగానే చేరిందన్న నమ్మకం. ‘సరే’ అన్న రెండక్షరాల మెసేజ్ ఎన్ని ఇళ్లలో ఎన్ని తగాదాలు పెట్టిందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

## మాట మొదలయ్యాక

మొదటి వాక్యం దగ్గరే తడబడుతున్నాను. ఎలా మొదలుపెట్టాలి?

అక్కడ లేని మూడో మనిషి చూసి చెబితే ఎలా ఉంటుందో అలా. ‘నువ్వు ఎప్పుడూ మా గేటుకు అడ్డంగా బండి పెడతావు’ అంటే, ఎప్పుడూ పెట్టలేదని నిరూపించడానికి ఆయన సిద్ధమైపోతాడు. ‘ఈ వారం రెండుసార్లు పొద్దున్నే కారు బయటికి తీయలేకపోయాను, మీ బండి గేటు దగ్గర ఉంది. ఏం చేద్దాం?’ అంటే కాదనడానికి ఏమీ ఉండదు. ‘ఎప్పుడూ’, ‘ఒక్కసారైనా’, ‘నీలాంటివాళ్లు’ అనేవి తీసేస్తే సగం తగవులు మొదటి వాక్యంలోనే ఆగిపోతాయని నా నమ్మకం.

అందరూ వినమంటారు. వింటూనే ఉన్నాను కదా, ఇంకెలా వినాలి?

నా దృష్టిలో ఈ విద్య మొత్తంలో కష్టమైన భాగం ఇదే. మనం సాధారణంగా చేసేది మన వంతు కోసం ఎదురుచూడటం. ఎదుటివారి మాటలో తప్పు ఎక్కడ దొరుకుతుందా అని చెవి అప్పగిస్తాం. మనోవైద్యంలో పేరుపొందిన కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్‌తో కలిసి 1957లో వేరే రకం వినికిడి గురించి రాశారు. విన్నదాన్ని మన మాటల్లో తిరిగి చెప్పి, ‘ఇదేనా నీ ఉద్దేశం?’ అని సరిచూసుకోవాలి. మాటలతో పాటు వాటి వెనక ఉన్న బాధను కూడా అందుకోవాలి.

ఒక సంభాషణ చూడండి. తండ్రికి చూపు తగ్గింది, స్కూటర్ నడపవద్దని కొడుకు అంటున్నాడు.

‘నన్ను ఇంట్లో మూలన కూర్చోబెట్టాలని చూస్తున్నావు.’

‘అదేమీ లేదు నాన్నా, మీ మంచికే చెబుతున్నాను.’

ఇక్కడ సంభాషణ చచ్చిపోయింది. ‘మీ మంచికే’ అన్న మాట తండ్రి చెప్పినదాన్ని తీసి అవతల పారేసింది. మళ్లీ మొదలుపెడదాం.

‘నన్ను ఇంట్లో మూలన కూర్చోబెట్టాలని చూస్తున్నావు.’

‘బండి మానేస్తే ఎక్కడికి వెళ్లాలన్నా మమ్మల్ని అడగాల్సి వస్తుందనా నాన్నా?’

‘మరి? పొద్దున్నే స్నేహితుల దగ్గరికి వెళ్లడానికి కూడా నీ కోసం చూస్తూ కూర్చోవాలా?’

‘అంటే పొద్దున వెళ్లే ఆ గంట మీ చేతిలోనే ఉండాలి.’

‘అంతే. రాత్రిపూట నడపడం నాకూ కష్టంగానే ఉందిలే.’

కొడుకు వాదించలేదు, ఒప్పుకోనూ లేదు. తండ్రి చెప్పింది తిరిగి చెప్పాడంతే. రాత్రి నడపలేకపోతున్నానన్న నిజం తండ్రి నోటనే వచ్చింది. చూపు విషయం వైద్యుడే తేల్చాలి, ఆ మాట కూడా ఇప్పుడు ఎత్తవచ్చు. అర్థం చేసుకోవడం వేరు, అంగీకరించడం వేరు. ఈ రెంటినీ ఒకటిగా అనుకోవడం వల్లే ‘విన్నానంటే ఒప్పుకున్నట్టవుతుందేమో’ అని భయపడతాం.

‘ఎందుకు?’ అని అడగగానే ఎదుటివారికి కోపం వస్తోంది.

చిన్నప్పటి నుంచీ ఆ మాట సంజాయిషీ అడగడానికే విన్నాం కాబట్టి వస్తుంది. ప్రశ్నను కొంచెం తిప్పండి. ‘ఎందుకు కుదరదు?’ బదులు ‘ఇలా చేస్తే ఎక్కడ ఇబ్బంది వస్తుంది?’, ‘ఎందుకు చెప్పలేదు?’ బదులు ‘చెప్పడానికి ఏం అడ్డొచ్చింది?’ అనండి. అడిగేది అదే, బోను మాత్రం మాయమవుతుంది.

కారణం చెప్పి అడగాలా? సంజాయిషీ ఇచ్చుకున్నట్టు ఉండదూ?

చెప్పండి, ఒక్క వాక్యంలో. ఎలెన్ లాంగర్ బృందం 1978లో వెల్లడించిన ప్రయోగంలో, జిరాక్స్ యంత్రం వాడబోతున్నవారిని ‘అయిదు పేజీలున్నాయి, ముందు నేను తీసుకోవచ్చా?’ అని అడిగారు. కారణం లేకుండా అడిగితే 60 శాతం మంది ఒప్పుకున్నారు. తొందరలో ఉన్నానంటే 94 శాతం. తమాషా ఏమిటంటే ‘కాపీలు తీసుకోవాలి కాబట్టి’ అన్న ఉత్త కారణానికి కూడా 93 శాతం సరే అన్నారు. ఈ సంగతి చెప్పేవారు చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. పేజీలు ఇరవై అయ్యేసరికి ఉత్త కారణం పనిచేయలేదు, కారణం లేనప్పటిలాగే 24 శాతమే ఒప్పుకున్నారు. నిజమైన కారణానికి 42 శాతం. చిన్న సాయానికి ఏ మాటైనా చెల్లుతుంది, పెద్దదానికి మీ కారణాన్ని తూకం వేస్తారు.

నేనంతా చెప్పాక ఎదుటివారు ఏమీ మాట్లాడకుండా కూర్చుంటే?

మీరూ కూర్చోండి. ఆ నిశ్శబ్దం భరించలేక మన ప్రతిపాదనను మనమే తగ్గించుకుంటాం, అదే నష్టం. మనసులో పది లెక్కపెట్టండి. అప్పటికీ మాట రాకపోతే ‘ఆలోచించుకోవడానికి సమయం కావాలా?’ అని అడగండి. మౌనం అర్ధాంగీకారం అంటారు గానీ, మిగతా సగం తర్వాత మన నెత్తిన పడుతుంది. నోటితో సరే అనేదాకా సరే కాదు.

ఒక్క మెట్టు దిగితే పూర్తిగా దింపేస్తారని భయం. ఎలా వదలాలి?

ఊరికే దిగకండి, మార్చుకోండి. ‘సరే, ఆదివారం నేనే చూసుకుంటాను’ అనడానికీ, ‘శనివారం సాయంత్రం నాకు వదిలేస్తే ఆదివారం నేనే చూసుకుంటాను’ అనడానికీ చాలా తేడా ఉంది. మొదటిది దానం, అది రెండు రోజుల్లో మరచిపోతారు. వదిలేటప్పుడు వదులుతున్నట్టు చెప్పడమూ అవసరమే. మౌనంగా చేసిన త్యాగం అవతలివారి లెక్కలో పడదు, మీ లెక్కలో మాత్రం వడ్డీతో పెరుగుతూ ఉంటుంది.

ఒక్కో విషయాన్ని విడివిడిగా తేల్చేయకుండా అన్నీ ఒకేసారి ఎదురుగా పెట్టుకోండి. అప్పుడు మీకు పెద్దగా పట్టింపు లేనిదీ, వాళ్లకు ప్రాణమైనదీ కనిపిస్తుంది. అది మీరు ముందు వదలాల్సిన విషయం.

## మాట బిగుసుకున్నప్పుడు

అరుస్తున్న మనిషితో ఏం మాట్లాడాలి?

తక్కువ, నెమ్మదిగా. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో బందీల ఉదంతం ఘోరంగా ముగిశాక, న్యూయార్క్ పోలీసు శాఖలో హార్వీ ష్లాస్‌బర్గ్, ఫ్రాంక్ బోల్జ్ అనేవారు బందీలను మాటలతో విడిపించే పద్ధతిని రూపొందించారు. దాని మూలసూత్రం సమయాన్ని సాగదీయడం. ఎంత ఉడికిపోతున్న మనిషైనా అదే వేడిలో గంటల తరబడి ఉండలేడు. తుపాకీ పట్టినవాడి దగ్గరే తొందరపడకూడదంటే, తలుపు ధడాలున వేసిన అబ్బాయి దగ్గర మనకెందుకు తొందర?

‘శాంతించు’ అనకండి. ఆ మాటకు శాంతించిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. ‘నీకు చెప్పకుండా నిర్ణయం తీసుకున్నందుకు కోపం వచ్చింది’ అని కోపానికి పేరు పెట్టండి. తప్పు పేరు పెట్టినా వాళ్లే సరిదిద్దుతారు, సరిదిద్దుతున్నప్పుడు గొంతు తగ్గుతుంది. మీకే కోపం వస్తుంటే, ‘అరగంట ఆగి మాట్లాడదాం’ అని వేళ చెప్పి లేవండి. వేళ చెప్పకుండా లేస్తే వెళ్లిపోయినట్టే.

‘ఇదే నా ఆఖరి మాట’ అన్నారు. ఇక అయిపోయినట్టేనా?

చాలాసార్లు కాదు. ఆ మాటను పట్టుకోకండి. ‘ఆఖరి మాటా? అయితే సరే!’ అని బల్లగుద్ది ఖాయం చేయకండి. వినబడనట్టు ముందుకు పోయి, విషయంలో ఇంకో మూల నుంచి మాట్లాడండి. ఆఖరి మాట అన్న మనిషికి వెనక్కి రావాలంటే ఒక మెట్టు కావాలి. ‘ఈ సంగతి మీకు ముందు చెప్పలేదు, చెప్పి ఉంటే మీరు వేరేగా అనేవారేమో’ అని మీరే ఆ మెట్టు వేయవచ్చు. మాట తప్పినట్టు కాకుండా మనసు మార్చుకునే అవకాశం ఇస్తే మనుషులు మారతారు. తెగేదాకా లాగేది ఎక్కువగా ముఖం చెల్లదన్న భయమే.

పై అధికారితో బేరమేమిటి? ఆయన చెప్పిందే వేదం కదా.

అధికారం ఆయనది, సమాచారం మీది. ‘చేయలేను’ అనడం తిరస్కారం. ‘శుక్రవారానికి ఇది పూర్తి చేయాలంటే నివేదిక సోమవారానికి జరుగుతుంది, రెంటిలో ఏది ముందు కావాలి?’ అనడం సంప్రదింపు. నిర్ణయం ఆయన చేతిలోనే ఉంచుతూ దాని ఖరీదు ఆయన ముందు పెట్టారు. అందరి ముందు కాకుండా విడిగా అడగండి.

పిల్లలతో బేరం పెడితే నెత్తికెక్కరా?

బేరం పెట్టకపోయినా ఎక్కుతారు. ఏది చర్చకు వస్తుందో, ఏది రాదో ముందే చెప్పండి. హెల్మెట్ పెట్టుకోవాలా వద్దా అన్నది చర్చ కాదు, చదువు ముందా ఆట ముందా అన్నది కావచ్చు. ఇద్దరు పిల్లల మధ్య పంపకం వస్తే పాత ఉపాయం ఉంది. ఒకరు రెండు వాటాలు వేయాలి, ఇంకొకరు ముందు ఎంచుకోవాలి. వాటాలు వేసేవాడి చేతి నైపుణ్యం చూసి తీరాలి! ఏడుస్తున్నప్పుడు మాత్రం ఒప్పుకోకండి. ఏడుపుకు ధర కట్టినట్టవుతుంది.

వాళ్లిచ్చేది అన్యాయమే, కానీ ఏమీ రానిదానికన్నా మేలు కదా?

లెక్క ప్రకారం మేలే, మనిషి మనసు ప్రకారం కాదు. వెర్నర్ గూత్, ఆయన సహచరులు 1982లో ప్రచురించిన ఆట ఒకటుంది. ఒకరు డబ్బును రెండు భాగాలు చేస్తారు, రెండోవారు ఒప్పుకుంటే ఇద్దరికీ దక్కుతుంది, కాదంటే ఇద్దరికీ సున్నా. తర్వాత ఈ ఆటను ఎన్నో చోట్ల ఆడించారు. అయిదో వంతుకన్నా తక్కువ ఇస్తామన్నప్పుడు, నష్టమని తెలిసి కూడా చాలామంది కాదన్నారు. అవమానం మింగి ఒప్పుకున్న ఒప్పందాన్ని తర్వాత మనమే లోలోపల చెడగొడతాం. అందుకే ఒప్పుకునే ముందు ‘ఈ లెక్క ఏ పద్ధతిలో వేశారు?’ అని అడగండి. పద్ధతి న్యాయంగా ఉంటే తక్కువ వచ్చినా మనసు ఒప్పుతుంది. మీరు అవతలివారికి ఇచ్చేటప్పుడూ ఇదే గుర్తుంచుకోవాలి.

ఇద్దరం ఎదురెదురుగా మాట్లాడుకోలేని స్థితికి వచ్చాం. మధ్యవర్తి వల్ల లాభం ఉంటుందా?

ఉంటుంది, మధ్యవర్తి తీర్పరి కాకపోతే. 1978 సెప్టెంబరులో క్యాంప్ డేవిడ్‌లో అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్, ఈజిప్టు అధ్యక్షుడు అన్వర్ సాదత్, ఇజ్రాయెల్ ప్రధాని మెనాహెమ్ బెగిన్ 13 రోజులు చర్చలు జరిపారు. మొదటి రోజుల్లో ఆ ఇద్దరూ ఒక గదిలో కూర్చుంటే మాటలు పెడసరమయ్యాయి. తర్వాత కార్టర్ వాళ్లను చాలావరకు వేరుగా ఉంచి తానే ఇటూ అటూ తిరిగారు. అమెరికా బృందం ఒకే ముసాయిదా పట్టుకుని, ‘ఇది ఒప్పుకుంటారా?’ అని కాకుండా ‘ఇందులో ఏది కుదరదు?’ అని అడుగుతూ దాన్ని మళ్లీ మళ్లీ తిరగరాసింది. 1967 నుంచి ఇజ్రాయెల్ చేతిలో ఉన్న సినాయ్ భూమి ఈజిప్టుకు తిరిగి వెళ్లేలా, అక్కడ సైన్యం మోహరింపు మీద పరిమితులు ఉండేలా దారి దొరికింది. ఒకరికి భూమి, మరొకరికి భద్రత. మరుసటి ఏడాది శాంతి ఒప్పందం కుదిరింది.

ఇంటి తగవుకూ ఈ ముసాయిదా పద్ధతి పనికొస్తుంది. ఇద్దరికీ నమ్మకమున్న ఒకరు ఒక కాగితం రాసి, ఇద్దరికీ విడివిడిగా చూపించి, తప్పులు పట్టమనాలి. ఒప్పుకోవడం కష్టం గానీ తప్పులు పట్టడం అందరికీ ఇష్టమే.

అసలు సంప్రదింపులు జరపకూడని సందర్భాలు ఉన్నాయా?

ఉన్నాయి. చేయి చేసుకునే మనిషితో, బెదిరించి ఒప్పించే మనిషితో, మీ డబ్బూ ఫోనూ రాకపోకలూ గుప్పిట్లో పెట్టుకున్న మనిషితో ఈ పద్ధతులు వాడి చూడమని నేను చెప్పను. అక్కడ కావలసింది మంచి వాక్యం కాదు, సురక్షితమైన చోటు, చట్టం, నమ్మదగిన మనుషుల సాయం. ‘నేను ఇంకొంచెం బాగా మాట్లాడి ఉంటే కొట్టేవాడు కాదేమో’ అని అడిగినవారు ఉన్నారు. లేదు, అది మీ మాటల లోపం కాదు.

## ఒప్పుకున్న తర్వాత

ఇంటి విషయాలు కూడా రాసుకోవాలా? ఎబ్బెట్టుగా ఉంటుందేమో.

నెలలు సాగేవీ, డబ్బుతో ముడిపడ్డవీ రాసుకోండి. సంతకాలు అక్కర్లేదు, ‘మనం అనుకున్నవి ఇవి, ఏమైనా మరిచానా?’ అని ఒక మెసేజ్ చాలు. మాట మీద నమ్మకం లేక కాదు, జ్ఞాపకం మీద నమ్మకం లేక. ఇద్దరూ నిజాయితీగానే రెండు రకాలుగా గుర్తుంచుకుంటారు.

ఒప్పుకుని చేయకపోతే ఏం చేయాలి?

మొదటిసారి మరుపు అనుకోండి, రెండోసారి ఒప్పందంలో ఏదో లోపం అనుకోండి. ‘మాట తప్పావు’ అనే ముందు ‘మనం అనుకున్నది నీకు నడవడం లేదు, ఎక్కడ పట్టేస్తోంది?’ అని అడగండి. మొహమాటానికి సరే అన్నవి ఇలాగే బయటపడతాయి. మూడోసారీ అదే జరిగితే, అది వాళ్లకు అక్కర్లేదని అర్థం చేసుకుని మీ వేరే ఏర్పాటు చేసుకోండి.

ఎక్కువ వదిలేశానేమోనని రాత్రంతా నిద్ర పట్టలేదు. మళ్లీ అడగవచ్చా?

బయటి ఒప్పందమైతే సంతకం చేశాక కష్టం. ఇంట్లో, స్నేహితుల మధ్య అడగవచ్చు, తొందరగా అడగండి. ‘నిన్న సరే అన్నాను గానీ, ఆలోచిస్తే నాకు భారమవుతుందనిపిస్తోంది’ అంటే మహా అయితే విసుక్కుంటారు. మూడు నెలలు మోసి, నాలుగో నెలలో విరుచుకుపడితే ఎవరూ హర్షించరు. ఇకముందు పెద్ద విషయాలకు ‘రేపు చెబుతాను’ అనడం అలవాటు చేసుకోండి.

ఇవన్నీ చదివినా సమయానికి గుర్తు రావు. సాధన ఎలా?

పందెం చిన్నదిగా ఉన్నచోట మొదలుపెట్టండి. ఒక వారం ఒక్కటే పని పెట్టుకోండి. ఎవరు ఏది చెప్పినా, మీ జవాబు చెప్పేముందు వాళ్లు చెప్పింది ఒక వాక్యంలో తిరిగి చెప్పండి. రెండో వారం, కాదంటే పోయేదేమీ లేని చోట రోజుకు ఒకటి అడగండి. రైల్లో సీటు మారతారా అని, సమావేశం పావుగంట ముందుకు జరపగలరా అని. కాదన్నవారికి నవ్వుతూ ‘ఫరవాలేదు’ అనడం కూడా అందులో భాగమే. నేను మొదలుపెట్టిన కొత్తలో మొదటి నాలుగు రోజులూ నాలుగు ‘కాదు’లే వచ్చాయి. అయిదో రోజు ఒకాయన సీటు ఇచ్చి, పైగా నా సంచి కూడా పైన పెట్టారు.